ఇరుకు సందు, ఇంట్లో ఆరుగురం, పాత వెర్సా: కొనవచ్చా?

ప్రశ్న: సఫిల్‌గూడ నివాసి

అందరికీ నమస్కారం. మాది పాత సఫిల్‌గూడ. ఇంట్లో అమ్మ, నాన్న, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. రెండేళ్ల కిందట అమ్మకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు ఇప్పటికీ సరిగా లేవదు. ఇంట్లో చేతికర్రతో నడుస్తుంది, గడప దాటితే చక్రాల కుర్చీ కావాలి. నెలకు రెండుసార్లు ఫిజియోథెరపీకి, ఒకసారి డాక్టరు దగ్గరికి సికింద్రాబాదు తీసుకెళ్తాను.

ఇప్పుడు మా దగ్గర ఉన్నది 2013 నాటి చిన్న కారు. అందులో అమ్మను ఎక్కించాలంటే తల వంచి, నడుము పట్టి కూర్చోబెట్టి, కాలు ఎత్తి లోపలికి తిప్పాలి. పోయిన నెల తలుపు చట్రం నుదుటికి తగిలింది. అమ్మ ఏమీ అనలేదు. కానీ తర్వాతి ఆదివారం కట్టమైసమ్మ గుడికి బయలుదేరుతుంటే "మీరు వెళ్లి రండి, నేను ఇంటి దగ్గర ఉంటాను" అంది. మా ఇంటికి గుడి ఎంతో దూరం కూడా కాదు.

మా సందు వెడల్పు పది అడుగులు. అందులోనూ ఎదురింటి మెట్లు ముందుకు వచ్చి ఉంటాయి. కారు తలుపు సగమే తెరుచుకుంటుంది. ఏడుగురు కూర్చునే కొత్త బండ్లు చూశాను. ధర మా అందుబాటులో లేదు, వాటి వెడల్పు మా సందుకు సరిపోదు. నా దగ్గర 2 లక్షలు ఉన్నాయి, అప్పు చేయదలచుకోలేదు.

మల్కాజ్‌గిరిలో ఒకాయన 2007 మారుతి వెర్సా వ్యాన్ అమ్ముతున్నారు. రెండో యజమాని, 81,000 కిలోమీటర్లు తిరిగింది, ముందూ వెనకా ఏసీ ఉన్న రకం, ఆర్‌సీ 2027 వరకు పొడిగించి ఉంది. 1,15,000 అడుగుతున్నారు. రెండు పక్కలా స్లైడింగ్ డోర్లు ఉండటం చూసి మనసు అటు లాగింది. మా బావమరిది మాత్రం "తయారీ ఆపేసి ఇన్నేళ్లయిన బండికి ఒక్క ముక్క దొరకదు, ఆ డబ్బు మూసీలో పోసినట్టే" అంటున్నాడు. అతను మా మంచి కోరేవాడే, అందుకే తీసిపారేయలేకపోతున్నాను. ఇలాంటి బండితో నిజంగా ఏళ్లు గడిపినవాళ్లు ఉంటే చెప్పగలరా?


జవాబు: తార్నాక టీచరు

మీ అమ్మగారు "మీరు వెళ్లి రండి" అన్నారని చదివాక కాసేపు ముందుకు వెళ్లలేకపోయాను. మా అత్తగారు కూడా చివరి రోజుల్లో ఆ మాటే అనేవారు. అలా అనడం ఆవిడ మానేసింది మా బండి వల్ల. అందుకే ఈ జవాబు కాస్త పొడవు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి 2019లో పదవీ విరమణ చేశాను. మా వెర్సా 2004 ఆగస్టులో కొన్నాం. ఏపీ 10 నంబరు, తెల్ల రంగు, ఇప్పటికి 1,64,000 కిలోమీటర్లు. మావారికి డ్రైవింగు రాదు. నలభయ్యో ఏట నేను నేర్చుకున్నాను, ఆదివారం తెల్లవారుజామున ఉస్మానియా విశ్వవిద్యాలయం చెట్ల నీడ రోడ్ల మీద. అప్పటి నుంచి ఈ బండిని నేనే నడుపుతున్నాను.

అంతకు ముందు మా వీధిలో అందరికీ తెలిసిన వ్యాన్ అంటే ఓమ్నియే. 1984లో మారుతి వ్యాన్ పేరుతో వచ్చి, తర్వాత ఓమ్ని అయింది. 796 సీసీ ఇంజను. బడి పిల్లలకూ, అంబులెన్సుకూ, కూరగాయలకూ అదే. వెర్సా 2001లో వచ్చింది, 1298 సీసీ, 16 వాల్వుల ఇంజనుతో. అమితాబ్, అభిషేక్ బచ్చన్ ఇద్దరూ కలిసి ప్రకటనల్లో కనిపించారు. అయినా జనానికి ధర ఎక్కువనిపించి అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. 2010 జనవరిలో హంగులు తగ్గించి, 1.2 లీటరు ఇంజను పెట్టి, అదే ఆకారాన్ని ఈకోగా తెచ్చారు. ఈకో బాగా అమ్ముడుపోయింది. మీకు ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, ఈకో రోడ్డు మీద ఉన్నంతకాలం వెర్సా కూడా పూర్తిగా అనాథ కాదు. తలుపుల సామాను, కింది భాగాలు చాలావరకు రెండింటికీ దగ్గరగా ఉంటాయి, పక్కపక్కన పెట్టి పోల్చుకొని కొనాలి. మీ బావమరిది భయంలో సగం నిజం ఉంది. ఆ సగం గురించి తర్వాత చెబుతాను.

ముందు మీ సందు సంగతి. పది అడుగులంటే మూడు మీటర్ల పైచిలుకు. వెర్సా వెడల్పు దాదాపు 1.5 మీటర్లు. గోడకు ఒక జానెడు వదిలి నిలబెట్టినా రెండో పక్క చక్రాల కుర్చీకి చోటు మిగులుతుంది. తలుపు బయటికి తెరుచుకోదు, వెనక్కి జరిగిపోతుంది. ఎదురింటి మెట్లు దానికి అడ్డమే కావు. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది కనుక బండి పొడవు 3.7 మీటర్ల లోపే ఉన్నా, ఆ పొడవంతా మనుషులకే దక్కుతుంది. మా ఇంట్లో ఎనిమిది మందిమి కూర్చుని వెళ్లిన రోజులున్నాయి.

ఒక ఇబ్బంది ఇప్పుడే చెప్పాలి. బండి నేల మీ చిన్న కారు కంటే ఎత్తు. కాలు లేవని మనిషిని తలుపు ముందు నిలబెట్టి ఎక్కమంటే ఎక్కలేరు. మా అత్తగారికి మేం ఇలా చేశాం. మెట్టుగూడలో వడ్రంగి చేత రెండు మెట్ల పీట చేయించాం, ఒక్కో మెట్టు ఎత్తు ఐదు అంగుళాలు, పైన రబ్బరు పట్టా, కాళ్ల కింద సైకిలు ట్యూబు ముక్కలు. ఫిజియోథెరపిస్టు ఒక సూత్రం చెప్పారు: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బాధ ఉన్న కాలు ముందు. అలా పీట ఎక్కి, వెనక్కి తిరిగి, మధ్య సీటులో కూర్చున్నాక కాళ్లు లోపలికి తిప్పుకోవాలి. పైకప్పు ఎత్తుగా ఉంటుంది కనుక తల వంచే పని లేదు. ఈ బండిలో నాకు అన్నిటికంటే ప్రీతికరమైన సంగతి అదే. చట్రం పక్కన పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ బిగించాం. పదిహేను రోజులు తిరిగేసరికి మా అత్తగారు "నన్ను పట్టుకోవద్దు, పీట పట్టుకో" అనేవారు. మీ అమ్మగారికి ఎడమ కాలు కదా, ఏ పక్క తలుపు సౌకర్యమో ఆమె ఫిజియోథెరపిస్టును ఒక్కసారి ఇంటికి రమ్మని, బండి దగ్గరే చూపించండి. కొనకముందే చూపించండి.

ఆ ఎత్తు పైకప్పు వల్ల ఇంకా ఎన్నో పనులు జరిగాయి. సద్దుల బతుకమ్మ రోజు మా అపార్టుమెంటు ఆడవాళ్లు పేర్చే బతుకమ్మ మూడు అడుగులు దాటుతుంది. గునుగు, తంగేడు, బంతి, ఒక్క వరుస కూడా నలగకుండా నిలువునా బండిలో పెట్టి చెరువు దాకా తీసుకెళ్తాం. మధ్య సీటు మడిచి, తాంబాళం కింద పాత చీర చుట్ట పెట్టి, చెరో పక్క ఒకరు పట్టుకుంటారు. నేను రెండో గేరు దాటను. ధూల్‌పేట నుంచి వినాయకుణ్ణి తెచ్చేదీ ఇదే బండిలో. కూర్చున్న భంగిమలో మూడు అడుగుల మట్టి విగ్రహం, కిరీటంతో సహా పడుతుంది. లాలాపేటలో బోనం ఎత్తుకున్న మా చెల్లెలు పిల్లలతో వెనక కూర్చుంటే, ఘటం ఒళ్లో నిటారుగా ఉంటుంది. కొత్త కార్లలో ఇవేవీ కుదరవని నేను అనను. మా వీధిలో ఉన్న కొత్త కార్లలో మాత్రం కుదరలేదు. వాళ్లంతా ఆ రోజుల్లో నా దగ్గరికే వస్తారు.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. కిలోమీటర్ల అంకె చూసి మోసపోకండి. 81,000 నిజమో కాదో చెప్పలేం, అయినా ఈ బండిని చంపేది దూరం కాదు, తుప్పు. స్లైడింగ్ డోర్ కింద గడప లాంటి భాగం ఉంటుంది. వానాకాలం బురద అంతా దాని లోపలే చేరుతుంది. పైన రంగు వేసి మెరిపిస్తారు. మీరు బండి కింద పడుకొని, స్క్రూడ్రైవర్ మొనతో ఆ గడప కింది అంచును నొక్కి చూడండి. లోపల కాలి పరుపు ఎత్తి, అడుగున ఉన్న దళసరి గుడ్డ కూడా ఎత్తి చూడండి. అమ్మేవారు వద్దంటే అక్కడికక్కడే వెనక్కి రండి.

తర్వాత తలుపులు. ఒక్క వేలితో లాగితే జరగాలి. గరగరమంటే రోలర్లు అరిగాయని అర్థం, అది చిన్న ఖర్చే. కానీ మూసినప్పుడు తలుపు వెనక అంచు బాడీ కంటే బయటికో లోపలికో ఉంటే, పట్టాలు వంగాయి లేదా ఎప్పుడో దెబ్బ తగిలింది.

రెండు ఏసీలూ వేసి, బండి కదలకుండా ఇరవై నిమిషాలు ఉంచి, వేడి ముల్లు చూడండి. 2009లో శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటాక ఘాటులో మా బండి ముల్లు పైకి లేచింది. ఏసీ ఆపి, పక్కన నిలిపి, అరగంట అడవిలో కూర్చున్నాం. రేడియేటర్ సగం పూడుకుపోయిందని తర్వాత తేలింది. ఇంజను సీటు కింద ఉన్న బండికి వేడి కూడా సీటు కిందే ఉంటుంది. మే నెలలో ఉప్పల్ కూడలిలో చిక్కుకుంటే డ్రైవరు సీటు వెచ్చబడుతుంది, దానికి సిద్ధపడాలి. వెనక కూర్చున్నవాళ్లకు పై గొట్టాల నుంచి చల్లగాలి వస్తుంది, అది మాత్రం హాయి.

2020 అక్టోబరు వానలు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆ రాత్రి మా వీధిలో నీళ్లు బండి నేల దాకా వచ్చాయి. ఇంజను కిందికి ఉండే బండి కనుక నేను స్టార్టు చేయలేదు, తాళం చెవి మావారికి కూడా ఇవ్వలేదు. మూడు రోజుల తర్వాత మెకానిక్ వచ్చి నూనెలన్నీ మార్చాక తిప్పాం. మీరు చూసే బండి ఆ వానల్లో మునిగిందేమో అడగండి. సీటు బెల్టును చివరి దాకా బయటికి లాగి చూస్తే మట్టి మరక చెప్పేస్తుంది.

ఖర్చు విషయానికి వస్తే, నాకు పద్దు రాసే అలవాటు ఉంది. 2021 నుంచి 2025 వరకు ఐదేళ్లకు పెట్రోలు కాక 1,41,300 అయింది. అందులో ఒక్క టింకరింగు, రంగు పనికే 43,000. ఏసీ కంప్రెసర్ 18,500. నాలుగు టైర్లు 14,400. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు కలిపి 7,200. బీమా ఏటా థర్డ్ పార్టీ మాత్రమే కడుతున్నాను, పన్ను కాక 3,416. మిగతావి చిల్లర మరమ్మతులు. అంటే నెలకు దాదాపు 2,350 చొప్పున. మైలేజీ ఊళ్లో 11, బయట 13.

ఆర్‌సీ సంగతి: మన దగ్గర ఢిల్లీలో లాగా 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండిని ఆపేసే నియమం లేదు. ఐదేళ్లకోసారి ఫారం 25 పెట్టుకొని, బండి చూపించి పొడిగించుకోవాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. పైన పాత బండ్లకు వేసే హరిత పన్ను ఉంటుంది. మీరు చూస్తున్న బండికి 2027లోనే ఆ ఖర్చు వస్తుంది. ఆ మేరకు ధర తగ్గించమని అడగండి, అది న్యాయమైన బేరం.


జవాబు: రాణిగంజ్ విడిభాగాలు

టీచరుగారు చెప్పినదానికి కొద్దిగా జోడిస్తాను. నేను ఇరవై రెండేళ్లుగా స్పేర్ పార్టుల వ్యాపారంలో ఉన్నాను.

ఇంజను సామాను గురించి దిగులు వద్దు. వెర్సాలో ఉన్నది జీ13బీబీ అనే రకం ఇంజను. మారుతి ఎస్టీమ్ కారులో, జిప్సీ జీపులో ఉన్నదీ అదే కుటుంబం. వెర్సా ఆగాక కూడా జిప్సీ చాలా ఏళ్లు తయారైంది, సైన్యం బాగా వాడింది. అందుకే గ్యాస్కెట్లు, పిస్టన్ రింగులు, బెల్టులు, వాల్వు సీళ్లు ఇప్పటికీ నడుస్తున్న సరుకే. క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు కూడా దొరుకుతాయి. వెనక చక్రాలకు శక్తి వెళ్లే బండి కనుక ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, అంటే ఆ శక్తిని వెనక్కి చేరవేసే కడ్డీ కీళ్లు, మెకానిక్‌కు చూపించండి. మొదటి గేరులో క్లచ్ వదిలేటప్పుడు టక్కుమంటే అవి అరిగినట్టే.

దొరకనివి వేరే ఉన్నాయి. వెర్సాకే ప్రత్యేకమైన హెడ్‌లైట్లు, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్, వెనక ఏసీ బ్లోయరు, పైకప్పు గాలి జాలీలు. ఇవి పగిలి ఉన్న బండి చవకగా వచ్చినా తీసుకోకండి. పుత్లీబౌలి పాత సామాను దుకాణాల్లో ఒక్కోసారి కనిపిస్తాయి, ఒక్కోసారి ఆరు నెలలు తిరిగినా దొరకవు.

టైమింగ్ బెల్టును లక్ష కిలోమీటర్లకు మారిస్తే చాలని వదిలేయకండి. రబ్బరుకు వయసు కూడా లెక్కే. మార్చిన రసీదు చూపించకపోతే, కొన్న వారంలోనే మార్చేయండి. ఇంకొకటి, ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో దాన్ని తట్టుకునే పదార్థాలు వాడుతున్నారు. 2007 బండిలోని పెట్రోలు గొట్టాలు ఆ కాలానివి కావు. ట్యాంకు నుంచి ఇంజను దాకా రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్‌కు పనికొచ్చేవి వేయించండి, ఫిల్టరు త్వరత్వరగా మార్చండి. ఇంజను సీటు కింద ఉన్నచోట పెట్రోలు కారితే అది చిన్న సంగతి కాదు. గ్యాసు కిట్టు బిగించి ఉన్న బండి అయితే, అది ఆర్‌సీలో ఎక్కించి ఉంటే తప్ప ముట్టుకోకండి.


జవాబు: ఈసీఐఎల్ ఇంజనీరు

అందరూ తుప్పు, రోలర్లు, గొట్టాలు అంటున్నారు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారని ప్రశ్నలోనే రాశారు, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

2016లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఈకోను గుద్ది పరీక్షించింది. ఎయిర్‌బ్యాగులు లేని ఆ బండికి పెద్దవాళ్ల రక్షణలో వచ్చింది సున్నా నక్షత్రాలు. వెర్సా దానికి ముందు తరం. ముందు దెబ్బ తగిలితే నలిగి ఆ బలాన్ని మింగడానికి పొడవైన బానెట్ లేదు. ఓమ్ని తయారీ 2019లో ఆగిపోయింది కూడా కొత్త ప్రమాద పరీక్షల నిబంధనలను అందుకోలేకే. నేను ఈ బండ్లను తక్కువ చేయడం లేదు. మా నాన్నగారికి ఓమ్ని ఉండేది, బడికి అందులోనే వెళ్లాను. కానీ 1995లో మన రోడ్ల మీద వేగాలు వేరు. ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు మీద 120 దాకా అనుమతి ఉంది. అక్కడ ఈ బండిలో పిల్లలను కూర్చోబెట్టి వెళ్లడం నాకు భయం.

నా సలహా, ఇంకో ఏడాది ఆగి, డబ్బు కూడబెట్టి, రెండు ఎయిర్‌బ్యాగులున్న ఇటీవలి ఈకో తీసుకోండి. ఆగలేకపోతే, వెర్సా వెనక సీట్లకు బెల్టులు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే పెట్టించండి. చక్రాల కుర్చీని వెనక ఊరికే పడేయకుండా పట్టీతో కట్టండి. బ్రేకు గట్టిగా వేస్తే అదే వచ్చి పిల్లలకు తగులుతుంది.


జవాబు: తార్నాక టీచరు

ఇంజనీరుగారు చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా కాదనను. నేనే ముందు చెప్పి ఉండాల్సింది.

మా ఇంట్లో 2018 నుంచి ఒక కట్టుబాటు ఉంది. ఈ బండి ఔటర్ ఎక్కదు, రాత్రి ఎనిమిది దాటాక జాతీయ రహదారి మీదికి వెళ్లదు, 50 దాటదు. యాదగిరిగుట్టకు బస్సులో వెళ్తాం, తిరుపతికి రైలులో. మా కోడలు మనవణ్ణి తీసుకొని ఊరు వెళ్లాలంటే వాళ్ల కారులోనే వెళ్తుంది, నా బండి ఇవ్వను. ఈ కట్టుబాటు మీకు సాధ్యం కాదనుకుంటే, ఇంజనీరుగారి మాటే వినండి.

ఏడాది ఆగమన్న మాట దగ్గర మాత్రం నా ఆలోచన వేరు. డెబ్బై దాటిన మనిషి ఒక ఏడాది గడప లోపల ఉండిపోతే, తర్వాత బయటికి రమ్మన్నా రారు. మా అత్తగారి విషయంలో ఆరు నెలలు ఆలస్యం చేశాం. పీట ఆలోచన వచ్చేదాకా ఆవిడ కిటికీ దగ్గరే కూర్చున్నారు. బండి అప్పటికే మా ఇంటి ముందే ఉంది. ఆ ఆరు నెలలు నాకు ఇప్పటికీ బాధే. మీ ప్రయాణాలు సఫిల్‌గూడ నుంచి సికింద్రాబాదు దాకా, నెలకు మూడుసార్లు. పగటి వేళ ఆ దారిలో వేగం 30 దాటడమే గొప్ప. పిల్లలను బడికి ఎలా పంపుతున్నారో అలాగే పంపండి. ఈ బండిని అమ్మగారి బండి అనుకోండి.


జవాబు: సఫిల్‌గూడ నివాసి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

మల్కాజ్‌గిరి బండి తీసుకోలేదు. టీచరుగారు చెప్పినట్టే పరుపు ఎత్తాను. కింద కొత్త తారు పూత కనిపించింది. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే ఎడమ గడపలోకి మొన సగం దిగిపోయింది. అమ్మేవారు "పాత బండి అంటే ఇలాగే ఉంటుంది" అన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

తర్వాత హబ్సిగూడలో 2008 వెర్సా చూశాం. ఒకే యజమాని, విశ్రాంత ఉద్యోగి, ఫైలులో ప్రతి రసీదూ దాచారు. 96,000 కిలోమీటర్లు, టైమింగ్ బెల్టు 2022లో మార్చారు, ఆర్‌సీ 2028 వరకు ఉంది. గడపలు గట్టిగా ఉన్నాయి. వెనక ఏసీ పనిచేయడం లేదు, ఎడమ తలుపు గరగరమంటోంది. 1,30,000 చెప్పారు, 1,18,000కు ఒప్పుకున్నారు. ఇంకా డబ్బు ఇవ్వలేదు, ఎందుకంటే ముందు అమ్మకు చూపించాలనుకున్నాను. ఆయన ఆదివారం బండిని స్వయంగా మా ఇంటికి తెచ్చారు. సందులోకి వెనక్కి నడుపుతూ తెచ్చి, గోడకు ఆనించినట్టు నిలబెట్టారు.

పీట ఇంకా చేయించలేదు, రెండు ముక్కాలి పీటలు వేశాం. ఫిజియోథెరపిస్టు పక్కనే ఉన్నారు. మొదటిసారి అమ్మ భయపడి దిగిపోయింది. రెండోసారి వెనక్కి తిరిగి కూర్చుంది. కాళ్లు లోపలికి తిప్పుకోవడానికి మూడు నిమిషాలు పట్టింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కూర్చున్నాక అద్దం తెరవమంది. బయట నిలబడ్డ నాన్నను చూసి "మీరు ఎక్కరా?" అంది. కట్ట మీదికి వెళ్లి వచ్చాం. గుడి ముందు బండి ఆపి తలుపు జరిపితే, దిగకుండానే అమ్మకు అమ్మవారు కనిపించింది.

ఇంజనీరుగారూ, మీ మాట మరిచిపోలేదు. వెనక బెల్టులు లేవు, డబ్బు చెల్లించిన రోజే పెట్టిస్తాను. ఔటర్ వద్దని ఇంట్లో అందరికీ చెప్పేశాను. మా బావమరిది కూడా బండి చూశాడు. కొనవద్దనే అన్నాడు, కానీ వెళ్లేటప్పుడు ఎడమ తలుపును నాలుగైదుసార్లు జరిపి చూసి, "ఈ రోలరు మార్చించు, అత్తయ్యకు శబ్దం ఇబ్బంది" అన్నాడు.

రాణిగంజ్‌గారూ, ఆ రోలరు ఈకోది పనికొస్తుందా? పై పట్టాది, మధ్యది, కిందిది అని మూడు ఉంటాయని మెకానిక్ అంటున్నాడు. మూడూ మార్చాలా?


జవాబు: రాణిగంజ్ విడిభాగాలు

శబ్దం ఎక్కడిదో చూడండి. ఎక్కువగా అరిగేది మధ్యదే, తలుపు బరువు దాని మీదే లాగుతుంది. కానీ విప్పినప్పుడు మూడూ మార్చడం మంచిది, కూలి ఒక్కసారే. ఈకోవి కొన్ని సరిపోతాయి, బ్రాకెట్టు రంధ్రాల దూరం కొలుచుకోవాలి. పాతది చేతిలో లేకుండా కొనకండి. పట్టాలను ముందు కిరోసిన్‌తో కడిగి, ఆరాక సన్నగా గ్రీజు రాయండి. గ్రీజు దట్టిస్తే దుమ్ము పట్టి మళ్లీ అదే గరగర.


జవాబు: తార్నాక టీచరు

శనివారం పదకొండు గంటలకు మా బండి అద్దం రబ్బరు కోసం పుత్లీబౌలికి వెళ్తున్నాను. అప్పటికి బండి మీ చేతికి వస్తే, ఎడమ తలుపు రోలర్లు విప్పించి, ఒక సంచిలో వేసుకొని అక్కడికి రండి. నా దగ్గర మా పాత రోలరు ఒకటి ఉంది, అదీ తెస్తాను, పక్కపక్కన పెట్టి చూద్దాం. పీటకు కొలతలు కూడా కాగితం మీద గీసి తెస్తాను. మెట్టు ఐదు అంగుళాలే ఉంచండి, వడ్రంగి ఆరు అంటాడు, ఒప్పుకోకండి.